సత్తెమ్మ వకీలు రాయించిన సాక్ష్యం

1973ల, వానాకాలం మొదట్ల, పాతబస్తీల ఉన్న ఒక మెజిస్ట్రేటు కోర్టుల నన్ను జవానుగ వేసిండ్రు. కోర్టు జవాను అంటే తుపాకి పట్టేటోడు కాదు. తలుపు కాడ నిలబడి, కేసు వంతు వచ్చినప్పుడు పేర్లు పిలిచే మనిషి. ఆ నౌకరి మా ఇంటాయనది. ఆయన నౌకరిల ఉండంగనే పోయిండు, సర్కారు ఆ జాగ నాకిచ్చింది. అప్పటి దాంక నేను మాదన్నపేట మార్కెట్ల కూరగాయల గంప ముందర కూసున్నదాన్ని. చదువు లేదు, గొంతున్నది. చేరిన నాడు ఆఫీసు పెద్దాయన నన్ను కిందికెళ్లి మీదికి చూసి, "ఆడమనిషి పిలిస్తే ఎవడు పలుకుతడు?" అన్నడు. "వంకాయలకు పలికినోళ్లు కేసుకు పలుకరా సారూ" అన్న. ఆయన కాయితం మీద సంతకం పెట్టిండు.

పని ఏందంటే, హాకిం సాబ్, అంటే మెజిస్ట్రేటు, కుర్చీల కూసుంటడు. ఆయన కింద పేష్కారు, కేసు కాయితాలన్నీ ఆయన చేతులనే ఉంటయ్. పేష్కారు పేరు చెప్తడు, నేను తలుపు కాడికి పోయి మూడుసార్లు పిలుస్త. మూడో పిలుపుకు గూడ ఫిర్యాదు చేసినోడు రాకపోతే కేసు కొట్టేయొచ్చు. ముద్దాయి రాకపోతే వారంటు. అందుకే నేను నిదానంగ పిలిచేదాన్ని. రోడ్డు అవతల హోటల్ల చాయ్ తాగేటోనికి గూడ వినపడాలె. అప్పట్ల నాకు అచ్చరాలు రావు. పేష్కారు చెవుల చెప్పిన పేరు నోట్ల పట్టుకొని తలుపు దాంక నడిచేదాన్ని. అచ్చరాలు నలభై దాటినంక రాత్రి బడిల నేర్చుకున్న. ఇది నేనే రాస్తున్న. వాక్యం ఎక్కడన్న వంకరపోతే చదివేటోళ్లు సర్దుకోవాలె.

ఇది రాయడానికి కారణం చెప్త. సత్తెమ్మ వకీలు పోయినంక కోర్టుల సంతాప సభ పెట్టిండ్రు. అందరు లేచి నిలబడ్డరు, మౌనం పాటించిండ్రు, పెద్ద పెద్ద మాటలు మాట్లాడిండ్రు. ఒకాయన ఆమెను జ్యోతి అన్నడు, ఇంకొకాయన వీరవనిత అన్నడు. ఆమె ఉండి వింటే పెన్ను మూత పెట్టుకొని లేచి పోయేది. ఆమె పని ఎట్ల చేసేదో మాత్రం ఒక్కలు చెప్పలే. కోర్టు పని అంటే ఏందో తెలుసుకుందామనుకునే పిల్లల కోసం నేను ఆమె చేసిన ఒక్క కేసు చెప్త.

సత్తెమ్మది జహనుమా. నాయన రోడ్డు పక్కన గోనెసంచి పరిచి చెప్పులు కుట్టేటోడు. మాదిగోళ్లు. ఈ మాట నేను దాచిపెట్టి రాస్తే ఆమె చేసిన పని అర్థం కాదు. ఫీజు మాఫీ మీద చదివి, పగలు టైపు కొట్టి, సాయంత్రం లా కాలేజీకి పోయి వకీలయ్యింది. మా కోర్టుకు ఆడ వకీళ్లు అంతకు ముందు ఒకరిద్దరు వచ్చిపోయిండ్రు, కార్లల్ల దిగేటోళ్లు. మాదిగ ఇంట్లకెళ్లి నల్లకోటు వేసుకొని ఆ మెట్లెక్కిన మొదటి ఆడమనిషి, నేనెరిగినంతల, ఆమెనే.

ఆమెను ఎవ్వరు ఏమన్లే. అనకుండనే చేయాల్సింది చేసిండ్రు. వకీళ్ల రూముల ఆమె కుర్చీల కూసుంటే పక్క కుర్చీ జరిగేది. కుండ మీది గ్లాసు ఆమె ముట్టుకుంటే తెల్లారి కొత్త గ్లాసు వచ్చేది. వారం పది దినాలు చూసి ఆమె ఆ రూముకు పోవుడు బంద్ చేసింది. నేను అన్నం తినే జాగ కాయితాల గది ముందటి వరండా. ఒకనాడు డబ్బా పట్టుకొని వచ్చి, "ఈడ కూసోవచ్చా అక్కా?" అన్నది. "వరండా మా అయ్యది కాదు, కూసో" అన్న. తన డబ్బా విప్పి పచ్చిపులుసు నా దిక్కు జరిపింది. నేను పోసుకున్న. మేమిద్దరం దాని గురించి ఎన్నడు మాట్లాడుకోలే.

పిలిచే కాడ గూడ ఒక లొల్లి అయ్యింది. కేసు పిలిచినప్పుడు వకీలు హాలుల లేకపోతే ఆయన పేరు గూడ పిలవాలె, చివర్ల వకీల్ సాబ్ అని కలపాలె. ఆమె మొదటి కేసు నాడు పేష్కారు నాకు ఉత్త సత్తెమ్మ అని చెప్పిండు. నేను తలుపు కాడికి పోయి "సత్తెమ్మ వకీల్ సాబ్" అని పిలిచిన. లోపల నవ్విండ్రు. పేష్కారు, "ఆడమనిషి సాబ్ ఎట్లయితది నర్సమ్మా?" అన్నడు. "మరి ఏం అనాలెనో రాసియ్యి, మా పేష్కారు సాబ్ రాసిచ్చిండని చెప్పి పిలుస్త" అన్న. రాసియ్యలే. అప్పటి సంది ఆమె సత్తెమ్మ వకీల్ సాబే.

ఇగ కేసు. 1978 ఎండాకాలం. పాతబస్తీలనే ఒక గల్లీ. పేరు రాయను, ఆ ఇండ్ల పిల్లలు ఇప్పుడు కలిసి తిరుగుతున్నరు. గల్లీ మొదట్ల బర్రెలు పెట్టుకొని పాలమ్మే ఇండ్లు, తోకకు సఫాయి పని చేసేటోళ్ల ఇండ్లు. నడుమ ఒక్కటే సర్కారు నల్లా. మొదటి ఇండ్లోళ్లు పట్టుకున్నంకనే తోకింటోళ్లు బిందె పెట్టాలె. ఇది ఎక్కడ రాసి లేదు, అందరికి ఎరుకే. ఆ ఏడు ఎండలు ముదిరి, మొదటి ఇండ్ల వంతు అయ్యే లోపలనే నీళ్లు బంద్ అవుతుండె.

తోకింట్ల బాలమ్మ అని ఒక ముసలామె ఉండె. కోడలు పచ్చి బాలింత. ఇంట్ల గుడ్డలు పిండనీకి నీళ్లు లేవు. ఒక పొద్దున బాలమ్మ మెల్లగ పోయి అందరి కన్న ముందు కుండ పెట్టింది. ఆ పాలమ్మే ఇండ్లకు పెద్ద ఒక పటేలు. వచ్చి కుండను కాలుతోటి తన్నిండు. కుండ పగిలింది, ఆమె బండ మీద పడి మోకాలు చీరుకపోయింది. నల్లా మైలపడ్డదని ఆమె ముందటనే కడిగించిండు. మరునాటి సంది తోకింటోళ్లను నల్లా దరికి రానియ్యలే. బాలింత ఇంటికి నీళ్లు రెండు గల్లీల అవతలికెళ్లి మోసుకచ్చిండ్రు.

పోలీసు ఠాణాకు పోతే, రాజీ పడుండ్రి అని పంపించిండ్రు. అప్పుడు సత్తెమ్మ దగ్గరికి వచ్చిండ్రు. ఠాణాల కేసు తీసుకోకపోతే సీదా మెజిస్ట్రేటు ముందట ఫిర్యాదు వేసే తోవ ఉన్నది. దీన్ని ప్రైవేటు కంప్లైంటు అంటరు. అట్ల వేస్తే సర్కారు వకీలు ఉండడు, సాక్షులను తెచ్చుకునుడు, అడుగుడు, నిలబెట్టుకునుడు అంత ఫిర్యాది తరఫు వకీలు మీదనే పడుతది. అంటరానితనం పాటిస్తే శిక్ష వేసే చట్టం కింద సత్తెమ్మ కేసు వేసింది. అట్లాంటి కేసు మా కోర్టుల అంతకు ముందు నడిచినట్టు నాకు యాదికి లేదు. కేసు పోతే నల్లా పోయినట్టే. ఒక్కసారి కోర్టే తప్పు లేదు పొమ్మన్నదంటే ఇగ ఆ గల్లీల తోకింటోళ్లు నోరెత్తేది లేదు.

పటేలు తరఫున వామన్‌రావు వకీల్ సాబ్ నిలబడ్డడు. తెల్ల మీసాలు, ఉర్దూ తెలుగు రెండు మంచినీళ్ల లెక్క మాట్లాడేటోడు. ఆయన చెడ్డోడు కాదు. పని ఎరిగినోడు. ఆయన జవాబు సీదాగున్నది. ఆ పొద్దున పటేలు గల్లీలనే లేడు, బర్రెలు కొననీకి పోయిండు. ఈ ముసలమ్మ ఎవరో ఆయనకు తెల్వదు. ఆమె కండ్లకు ఆనదు, ఎవరో నేర్పితే పటేలు పేరు చెప్తున్నది.

సత్తెమ్మకు బాలమ్మ కాకుండ ఇంక ఇద్దరు సాక్షులు ఉండిరి. ఇద్దరు ఆ గల్లీలోళ్లే. మొదటామె బోనెక్కి, నేను ఇంట్ల ఉన్న, చప్పుడు విన్న, చూడలే అన్నది. రెండోటాయన, ఎవరో తన్నిండ్రంట, ఎవరో తెల్వదు అన్నడు. ఠాణాకు పోయిన నాడు ఇద్దరు పటేలే అన్నోళ్లు. ఇట్ల మాట తిప్పినోళ్లను కోర్టుల ఎదురు తిరిగిన సాక్షులంటరు. సత్తెమ్మ వాళ్లను తిట్టలే. బయటికి వచ్చి, "పాలు ఖాతాల తెచ్చుకునే ఇండ్లు అక్కా, ఏం జేస్తరు" అన్నది. ఇగ మిగిలింది బాలమ్మ ఒక్కతే. కుండ తన్నినాయన ఈయనే అని ఆమె హాలుల గుర్తు పట్టాలె. గుర్తు పట్టకపోతే కేసుల ఏం లేదు.

బాలమ్మ పేషీకి, అంటే సాక్ష్యం చెప్పే దినానికి, ముందు కొన్ని దినాలు సత్తెమ్మ ఆమెను అన్నం యాళ్లకు వరండాలకు రమ్మన్నది. ఏం చెప్పాలెనో నేర్పలే. జరిగింది జరిగినట్టు చెప్పుమన్నది. ఒక్కటే నేర్పింది, వేలు చూపిచ్చుడు.

"అవ్వా, నేను అడుగుత, గా మనిషి ఈడ ఉన్నడా అని. ఉంటే వేలు పెట్టి చూపియ్యాలె."

"నోటితోటి చెప్పొద్దా బిడ్డా?"

"నోటితోటి గూడ చెప్పు. చూపిచ్చుడు మాత్రం వేలుతోటే."

నన్ను పటేలు అనుకొమ్మన్నది. నేను బెంచీ మీద కాలు మీద కాలేసుకొని కూసున్న. బాలమ్మ నా దిక్కు చెయ్యి లేపింది. భుజం దాంక వచ్చి వేలు ముడుచుకున్నది.

"నర్సమ్మ పటేలు లెక్క లేదు బిడ్డా" అన్నది.

"మీసం తెచ్చి పెట్టాల్నా?" అన్న నేను.

ఇద్దరు నవ్విండ్రు. మళ్ల చెయ్యి లేపింది. ఈసారి గడ్డంతోటి చూపించింది. రోజు గట్లనే అయ్యింది. నాకు గుబులు పట్టి, "ఈమెతోటి కాదు వకీలమ్మా, ఆ కోడల్ని ఎక్కియ్యి" అన్న. "కోడలు మంచం మీదున్నది, చూడలే. చూసింది ఈమెనే" అన్నది సత్తెమ్మ. నా ముందట గంతే అన్నది. ఆ తర్వాత డబ్బాల అన్నం అట్లనే మిగిల్చి మూత పెట్టింది.

పేషీ దినం వచ్చింది. బాలమ్మ చేతుల చెప్పులు పట్టుకొని వచ్చింది. వాళ్ల గల్లీల పటేలు ఇంటి ముందట తోకింటోళ్లు చెప్పులేసుకొని నడవరు, చేతుల పట్టుకొని రోడ్డు దాంక వచ్చి ఏసుకుంటరు. ఆనాడు రోడ్డు మీదికి వచ్చినంక గూడ ఏసుకునుడు మరిచింది, అంత భయం. కోర్టు గడప కాడ వాటిని పక్కకు పెట్టబోయింది. నేను వద్దన్న.

"ఈడ పెడితే పోతయ్. ఇది గుడి కాదు, దొంగలొచ్చే జాగ. కాళ్లకేసుకొని లోపలికి నడువు."

ఏసుకున్నది. టైరు చెప్పులు, కాలు కన్న పెద్దయి. బండల మీద టపటప చప్పుడు. బోను మెట్టు చెక్కది, దాని మీద ఇంకింత మోగినయ్. హాకిం సాబ్ రాసుకునేది ఆపి తల ఎత్తి చూసిండు. కోస్తా దిక్కుకెళ్లి కొత్తగ బదిలీ మీద వచ్చిన పిల్లగాడు, ఇంకా మా మాట గూడ పూరా అర్థం కాకుండె.

సాక్షితోటి ప్రమాణం చేయించుడు మా కోర్టుల నా పనే. నేను చెప్పిన, బాలమ్మ నా వెనక చెప్పింది, తడబడలే. తర్వాత సత్తెమ్మ అడిగింది. నీళ్లు, కుండ, బాలింత, తన్నుడు, మోకాలు, నల్లా కడుగుడు, అన్నీ చెప్పింది. సన్న గొంతు. అయినా హాలు మొత్తం విన్నది.

వామన్‌రావు సాబ్ ముందుగాలనే ఒక పని చేసి పెట్టుకున్నడు. మామూలుగ ముద్దాయి ఆయన జాగల నిలబడాలె. ఆయన హాకిం సాబ్‌ను ఇజాజత్, అంటే అనుమతి, అడిగి పటేలును వెనక బెంచీల మీద జనం నడుమ కూసోబెట్టిండు. పక్కన అదే వయసోళ్లు, అదే తెల్ల ధోతి, అదే తెల్ల రుమాలు చుట్టుకున్న పెద్దమనుషులు. కండ్లకు ఆనని ముసలామె వాళ్లల్ల ఎవరినో ఒకరిని చూపిస్తే కేసు ఆడికే ఖతం. ఇది మోసం కాదు. ఇట్ల కూసోబెట్టమని అడిగే హక్కు ముద్దాయికి ఉన్నది.

సత్తెమ్మ అడిగింది. "నీ కుండ తన్నిన మనిషి ఈ హాలుల ఉన్నడా? ఉంటే చూపియ్యి."

బాలమ్మ వెనకకు తిరిగింది. బెంచీలన్నీ చూసుకుంట పోయింది. ఒక జాగల ఆగింది. చెయ్యి లేచింది. చెయ్యి భుజం దాంక వచ్చి ఆడనే ఆగింది. రెండో చెయ్యి లేచి దానికి కలిసింది. బాలమ్మ బోను మెట్టు దిగింది, చెప్పులు విడిచి కాలుతోటి వెనకకు నూకింది, పక్కకు ఒదిగి నిలబడి నడుము వంచింది.

"దండం పటేలా" అన్నది.

బెంచీల నడుమ పటేలు, రోజు గల్లీల చేసినట్టే, కుడిచెయ్యి రెండు వేళ్లు లేపి, "ఆఁ" అన్నడు.

హాలు పగలబడి నవ్వింది. కుండ తన్నినోనికి దండం పెట్టినదాన్ని ఎవలు నమ్ముతరు? నాకు అట్లనే అనిపించింది, కేసు మునిగిందనుకున్న. వామన్‌రావు సాబ్ నవ్వలే గాని తన కాయితాలు సర్దుకున్నడు. హాకిం సాబ్ బల్ల మీద కొట్టి, "ఏమిటిది? ఆవిడ ఎందుకు దిగింది? బోనులోకి వెళ్లమనండి" అన్నడు. బాలమ్మకు చేసిందేందో అప్పుడు ఎరుకయ్యింది. నెత్తి మీద కొంగు ముఖం మీదికి గుంజుకున్నది.

సత్తెమ్మ బాలమ్మ దిక్కు చూడలే. హాకిం సాబ్ దిక్కే చూసుకుంట, గొంతు ఎత్తకుండ అన్నది.

"సార్, ఇప్పుడు జరిగింది రికార్డుల రాయమని అడుగుతున్న."

"ఏం రాయాలి?"

"సాక్షి బోనుల ఎట్ల నడుచుకున్నదో కోర్టు రాసుకోవచ్చని చట్టంల ఉన్నది సార్. ముద్దాయిని చూడంగనే సాక్షి మెట్టు దిగింది, చెప్పులు విడిచింది, పక్కకు నిలబడి దండం పెట్టింది. ముద్దాయి రెండు వేళ్లు లేపి ఆ దండం తీసుకున్నడు. ఈ నాలుగు మాటలు రాస్తే చాలు."

వామన్‌రావు సాబ్ లేచిండు. పెద్దలను చూసి దండం పెట్టుడు మన దేశపు మర్యాద అన్నడు. ముసలమ్మ పెద్దమనుషులు ఎవరు కనపడ్డా పెడుతది, కోర్టుల చెప్పులు విడుచుడు కోర్టు మీది గౌరవం అన్నడు. దాన్ని గుర్తు పట్టుడు కింద రాస్తే అన్యాయమన్నడు.

సత్తెమ్మ ఆయన కూసునే దాంక ఆగింది. "సార్, ఈమె మీ ముందట చెప్పులతోటే నిలబడ్డది. చెప్పులతోటే ప్రమాణం చేసింది. కోర్టుకు విడువలే. ఈ హాలుల పెద్దమనుషులు మస్తు మంది ఉన్నరు. ఆ బెంచీల మీదనే అదే రుమాలుతోటి ఇంక కొంతమంది ఉన్నరు. వామన్‌రావు సాబ్ అంతకన్న పెద్దమనిషి, ఇంత దూరంలనే ఉన్నరు. ఎవ్వరికి విడువలే, ఒక్క మనిషికే విడిచింది. పెద్దమనిషి ఎవరని నేను అడగలే సార్. కుండ తన్నినాయన ఎవరని అడిగిన."

హాకిం సాబ్ పెన్ను కింద పెట్టిండు. "చెప్పుల చప్పుడు నేనూ విన్నానండి" అన్నడు వామన్‌రావు సాబ్‌తోటి. "బోనెక్కేటప్పుడు వేసుకునే ఉంది." తర్వాత టైపు కొట్టేటాయన దిక్కు తిరిగి ఇంగ్లీషుల చెప్పి రాయించిండు. చప్పుడు సంగతి గూడ కలిపిండు. రెండు వేళ్ల సంగతి గూడ.

ఆ తర్వాత అవతలి వకీలు అడిగే వంతు. దాన్ని క్రాసు అంటరు. నేర్పించిన సాక్షి అని తేల్చుడు క్రాసుల పాత పద్ధతి. వామన్‌రావు సాబ్ నిమ్మళంగనే అడిగిండు.

"అట్ల చెప్పులు విడిచి దండం పెట్టుమని నీకెవరు నేర్పిండ్రు?"

"మా అత్త నేర్పింది సారూ" అన్నది బాలమ్మ.

"ఎప్పుడు?"

"నేను కాపురానికి వచ్చిన దినాన. గల్లీ మొదట్ల నిలబెట్టి, గాయిన ఇంటి ముందట ఇడువాలె, గాయిన నాయన ముందట ఇడువాలె అని చూపిచ్చింది. గప్పటికి గీ పటేలు చిన్నోడు. చిన్నోనికి గూడ పెట్టుమన్నది."

వామన్‌రావు సాబ్ ఆడికే ఆపి, చాలన్నడు. ఆయన పని ఎరిగినోడని ముందే రాసిన. ఎప్పుడు కూసోవాలెనో తెలుసుకునుడు గూడ పనే.

బయట వరండాల బాలమ్మ గోడకు ఒరిగి ఏడ్చింది. "నీ పరువు తీసిన బిడ్డా. వేలు చూపియ్యమంటివి. నా చెయ్యి నా మాట ఇనలే."

సత్తెమ్మ ఆమె పక్కన నేల మీద కూసున్నది, నల్లకోటు దుమ్ము అంటుతున్నా చూసుకోలే. "ఏడువకు అవ్వా. నువ్వు చెప్పినంత నేను ఎన్ని ప్రశ్నలు అడిగినా వచ్చేది కాదు" అన్నది. ఆమె నమ్మలే. నేను పోయి ఇద్దరికి చాయ్ తెచ్చిన.

బాలమ్మ ఇంటికి పోయినంక నేను అడిగిన. నా నోరు ఆగదు.

"నిజం చెప్పు వకీలమ్మా. అట్ల చెయ్యుమని నువ్వే చెప్పినవా?"

ఆమెకు కోపం రాంగ నేను చూసింది ఆ ఒక్కసారే. "వారం దినాలు నీ ముందటనే కద అక్కా వేలు నేర్పిన. ఇది చెయ్యొద్దనే నేర్పిన."

"మరి అంత జల్ది ఎట్ల తట్టింది నీకు? మేమందరం కేసు పోయిందనే అనుకుంటిమి."

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మా నాయన జహనుమాల సగం మంది కాళ్లకు చెప్పులు కుట్టిండు. మా ఊరికి పోతే పటేలు ఎదురొచ్చినప్పుడు తన చెప్పులు చంకల పెట్టుకునేటోడు. నేను చిన్నపిల్లను, నా చెప్పులు గూడ గుంజి ఇంకో చంకల పెట్టేటోడు. బాలవ్వ మెట్టు దిగంగ నా కాలు బల్ల కింద చెప్పుల నుంచి బయటికి వచ్చింది అక్కా. నేను మళ్ల లోపల పెట్టుకొని సీదాగ నిలబడ్డ."

తర్వాతి కేసుకు నన్ను లోపల నుంచి పేష్కారు పిలిచిండు.

తీర్పు వానలు పడ్డంక వచ్చింది. హాకిం సాబ్ మాట తిప్పిన ఇద్దరు సాక్షులను పక్కకు పెట్టిండు. బాలమ్మ చెప్పింది, ఆనాడు కోర్టు తన కండ్లతోటి చూసి రాసుకున్నది, రెండు ఒకదానికొకటి బలమైనయని అన్నడు. ముసలమ్మ ఎవరో తెల్వదన్న ముద్దాయి ఆమె దండం అలవాటుగ తీసుకున్నడని గూడ రాసిండు. పటేలుకు ఖైదు, జుర్మానా రెండు పడ్డయ్. పై కోర్టుకు పోయిండు, ఆడ గూడ తీర్పు నిలబడ్డది.

నల్లా సంగతి గూడ చెప్పాలె. తీర్పు వచ్చిన తెల్లారే అందరు కలిసి నీళ్లు పట్టుకోలే. మొదట పోలీసాయన నిలబడ్డడు, తర్వాత నెలల తరబడి మూతి ముడుచుకొని పట్టుకున్నరు, తర్వాత అలవాటయ్యింది. బాలమ్మ మాత్రం బతికినన్ని దినాలు ఆ గల్లీల చెప్పులు చేతులనే పట్టుకొని నడిచింది. సత్తెమ్మ ఒకసారి గూడ ఎందుకని అడుగలే. కోడలు ఏసుకొని నడిచింది.

సత్తెమ్మ ఆ తర్వాత అట్లాంటి కేసులు మస్తు చేసింది. కొన్ని గెలిచింది, కొన్ని పోగొట్టుకున్నది. పోయిన కేసుల గురించి దాచుకునేది కాదు. ఇంటి పనోళ్లు, సఫాయోళ్లు, నౌకరీలకెళ్లి తీసేస్తే వచ్చినోళ్లు, అందరు నా వరండా మీదనే ఆమె కోసం ఎదురుచూసేటోళ్లు. కొన్నేండ్లకు ఇద్దరు ఆడపిల్లలు ఆమె దగ్గర జూనియర్లుగ చేరిండ్రు. వకీళ్ల రూముల కుర్చీలు అప్పటికి జరుగుడు బంద్ అయ్యింది. ఆమె మాత్రం అన్నం వరండాలనే తిన్నది. చివర్ల రోగం పట్టి, మందు గోలీలు మింగుకుంట, అది దాచుకుంట గూడ పేషీలకు వచ్చింది. పెద్ద వయసు రాకుండనే పోయింది.

నేను ఆ కోర్టు తలుపు కాడ చానా ఏండ్లు నిలబడ్డ. ఆనాడు జరిగింది హాలుల ఉన్న అందరం చూసినం. హాకిం సాబ్‌కు అది గడబిడ లెక్క కనపడ్డది. వామన్‌రావు సాబ్‌కు మర్యాద లెక్క, నాకు నష్టం లెక్క కనపడ్డది. మా అందర్ల ఒక్కలకు గూడ అది సాక్ష్యమని తోచలే. కోర్టు ముందట జరిగిందంత కోర్టుకు తెలిసినట్టు కాదు. ఎవరో ఒకరు లేచి, ఇది రాసుకోండి అని అడగాలె. అట్ల అడగాలంటే అదేందో ఎరిగిన ఇంట్ల పుట్టిన మనిషి నల్లకోటు వేసుకొని ఆడ ఉండాలె. ఆనాడు ఉన్నది. అంతకు ముందు అట్లాంటి మనిషి లేని దినాలల్ల మా కోర్టుల ఏమేం జరిగి రాయకుండ పోయినయో నేను చెప్పలేను.